ఉద్దేశానికి సాక్ష్యం

గురువారం. సెలవు దాటి పద్దెనిమిదో రోజు.

పొద్దున్న ఆమదాలవలస వెళ్లి రేపటికి రైలు టికెట్ తీసుకున్నాను. తిరిగొచ్చేసరికి నా భార్య గౌరి నా యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. సుబేదారుగా రిటైరైనా మావ దగ్గర ఆర్మీ రూల్సు పుస్తకం ఇంకా ఉంది.

"సూడు అల్లుడూ, సెలవు దాటి ఇంటికాడ ఉండిపోతే గైర్హాజరు. తిరిగెల్లే ఉద్దేశం నేకుండా ఉండిపోతే పారిపోయినట్టు. మొదటిదానికి శిక్షేసి మళ్లీ డూటీలో ఎట్టుకుంటారు. రెండోదైతే ఉద్యోగమూ పోతాది, పరువూ పోతాది."

"మరి ఉద్దేశం ఆలకెలా తెలుస్తాది మావా?"

"యూనిఫాం ఉన్నాదా, టికెట్ తీసేడా, అవే సూస్తారు. నీకు రెండూ ఉన్నాయి. ఇంక బయమేటి?"

గుమ్మంలో నిలబడి గౌరి నవ్వింది. ఇన్ని రోజుల్లో అదే మొదటి నవ్వు. నేనూ నవ్వాను.

సెలవుకి ముందు కాపలా కాసిన ఆ మంచుకొండల పోస్టుకి మళ్లీ వెళ్లే ధైర్యం నాకు లేదు. టికెట్ తీసింది వెళ్లడానికి కాదు, ఇంట్లో వాళ్లు ఎప్పుడెళ్తావని అడగడం మానేస్తారని. ఇది మావ పుస్తకానికి తెలియదు. ఇప్పటిదాకా నా లోపలే ఉంది, ఇప్పుడు ఈ డైరీలో రాసేశాను. ఈ ఇంట్లో నా అసలు ఉద్దేశానికి సాక్ష్యం ఈ పేజీ ఒక్కటే.

చింపేయాలి. చింపినా ఏం లాభం? రేపు స్టేషన్‌లో మావే దింపుతాడట. బండి కదిలేదాకా ఉండి, చెయ్యూపి మరీ వస్తానన్నాడు.