గడ్డికప్పు పేజీ

కోడూరు, బుధవారం

అమ్మా,

తప్పు జరిగింది, చేసింది నేనే. తోడేలు ఊదితే ఇళ్లు ఎగిరిపోయే పందిపిల్లల కథ ఉంది కదా, ఆ బొమ్మల పుస్తకం రెండో తరగతికి చూపిస్తూ "గడ్డిల్లు కట్టినవాడు బద్ధకస్తుడు" అని గట్టిగా చదివేశాను. పేదవాళ్ల పక్షాన రాసిన అన్ని కరపత్రాలు చదివినవాణ్ణి, ఆ వాక్యం దగ్గర ఆగలేదు. మా క్లాసులో లిఖిత వాళ్లది గడ్డిపాక. పిల్లలు ఆ పిల్లని "బద్ధకం పందీ" అని ఏడిపిస్తే రెండ్రోజులు బడికే రాలేదు.

నేను పిల్లల మీద మండిపడుతుంటే, మధ్యాహ్న భోజనం వండే నాగేంద్రమ్మగారు గరిటెతోనే క్లాసులోకి వచ్చారు. "వాళ్లనెందుకండీ తిడతారు, చదివింది మీరేగా! డెబ్భై ఏడు ఉప్పెనలో మా పాక కప్పు పట్టుకునే తేలి బతికాను. ఆ గడ్డే లేకపోతే ఇవాళ మీకు సాంబారు పోసేదెవరు?" అన్నారు. ఆవిడే వెళ్లి, ఆ ఉప్పెన సంగతి చెప్పి లిఖితను వెంటబెట్టుకొచ్చారు. అది గుమ్మంలోనే "మేష్టారూ, మరి పంది తేలుద్దా?" అంది. నాగేంద్రమ్మగారి మేలు ఈ జన్మలో మరిచిపోను.

ఇప్పుడు ఆ పుస్తకానికి ఇంకో పేజీ మేమే చేస్తున్నాం. నీళ్ల మీద గడ్డికప్పు, దాని మీద పందిపిల్ల. నీ కలంకారీ అచ్చుల్లో అలలున్నదీ, కాస్త నీలం రంగూ పట్టుకురా. నాన్న దగ్గు తగ్గిందా? మందు మాననివ్వకు. చెల్లికి ముద్దులు.

పెడనలో మొదటి బస్సు ఎక్కండి. శనివారం పొద్దున పది గంటలకల్లా అందరూ మా బడికి చేరాలి. మొదటి అచ్చు వేసేది లిఖిత.

నీ భావనారాయణ