కాటిదొర ఎవరికి చెందాలంటే

ముదునూరి నరసరాజు అను నేను, వయసు డెబ్బై రెండు, వృత్తి సినిమా కథారచన, దర్శకత్వం, నివాసం శంషాబాద్ దగ్గర మామిడిపల్లి, ఈ వీలునామా ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్నాను. పాడైంది నా గుండె మాత్రమే, బుర్ర భేషుగ్గా ఉంది. ఆ మేరకు డాక్టరు గారు ఇచ్చిన కాగితం జతచేశాను. నాకు మతి చలించిందని కోర్టుకెక్కాలనుకునే నా కొడుకు రాహుల్ ముందు ఆ కాగితం చదువుకోవాలి. లోగడ రాసిన వీలునామా చింపేశాను, అది చెల్లదు. దీన్ని అమలు చేయవలసినవారు శంషాబాద్ వకీలు నరేందర్ గారు. ఆయన నా సినిమా ఒక్కటీ చూడలేదు. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

1. నా స్వార్జితమైన మామిడిపల్లి ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా భార్య కామాక్షికి సర్వహక్కులతో చెందాలి. మీ నోట ఏనాడూ మంచిమాట రాదని ఆమె నలభై ఏళ్లుగా అంటోంది. ఇదీ మంచిమాట కాదు, ఆస్తి మాట. నేను తీసిన మూడు ‘కాటిదొర’ సినిమాల్లో దేన్నీ ఆమె ఇంటర్వెల్ దాటి చూడలేదు. మిగతా సగంలో ఏముందో ఈ కాగితంలో చూసుకోవచ్చు.

2. ఆ మూడింటిలోనూ కాటిదొర అనే రాక్షసుణ్ణి వేటాడే వీరుడిగా నటించిన నా బావమరిది శివరామకృష్ణకు వేటగాడి తోలుకోటు ఇస్తున్నాను. మొదటి రెండు తూటాలు గురి తప్పాలి, మూడోది గుండెల్లో దిగాలి, అలా రాశాను. ఈ మహానుభావుడు మూడోది కూడా తప్పించాడు. ఎడిటింగ్‌లో తగిలించాం. ఇప్పటికీ ఎవరింట పెళ్లయినా ఆ కోటు అడిగి మరీ వేసుకుపోతాడు. పొట్టకి బొత్తాలు పట్టడం లేదు. అయినా అలాగే తిరగమనండి, జనానికీ కాలక్షేపం ఉండాలి.

3. ఒరేయ్ రాహుల్, నీకు నా సూత్రాల పుస్తకం. బంగళా తలుపు దానంతటదే తెరుచుకోవాలి. నేలమాళిగలోకి అమ్మాయి దీపం పట్టుకుని ఒంటరిగానే దిగాలి. వేటగాడి గురువు ఇంటర్వెల్‌లోపే చావాలి, లేకపోతే వేటగాడికి కోపం రాదు. రాక్షసుడికి ఫ్లాష్‌బ్యాక్ ఇవ్వకూడదు, ఇస్తే జనం జాలిపడతారు, తూటా దిగినప్పుడు ఈల పడదు. ఆఖరి షాటులో శవపేటిక మూత సందులోంచి ఒక్క వేలు కదలాలి, తరువాతి భాగానికి గిరాకీ ఉంటుంది. వీటితో నువ్వు ఎన్ని సినిమాలైనా తీసుకో. కాటిదొర మాత్రం నీది కాదు. నాలుగో భాగానికి ముహూర్తం పెట్టావనీ, ఆ వేలు షాటుతోనే మొదలుపెడతావనీ విన్నాను. ఆపెయ్.

4. కాటిదొర పేరు, రూపం, రబ్బరు ఒళ్లు, ముసుగు, గర్జన, వాటి మీద సమస్త హక్కులు గగన్‌పహాడ్ నివాసి, కీర్తిశేషుడు పెంటయ్య భార్య శివమ్మకు చెందాలి. ఇందులో నా వారసులెవరికీ నోరెత్తే హక్కు లేదు. కారణం రాయాలంటే నా సూత్రం నేనే తప్పాలి. రాక్షసుడికి ఫ్లాష్‌బ్యాక్ ఇస్తున్నాను.

పెంటయ్య గగన్‌పహాడ్ గోదాముల్లో బస్తాలు మోసేవాడు. ఆరడుగుల మనిషి. మా షూటింగు చూడ్డానికొచ్చి కాటిదొర అయిపోయాడు. ఆ గర్జనలో సగం అతని గొంతు, సగం మా షెడ్డు మీదుగా దిగే విమానాల మోత.

మా సినిమావాళ్లకో ఆచారం ఉంది. చచ్చే సీను చేసినవాడు షాటు అవగానే లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు రికార్డయితే చావు సినిమాతో పోతుంది, లేకపోతే మనిషి వెంట ఇంటికొస్తుందని నమ్మకం. పెంటయ్యకు మొదటి రెండు సినిమాల్లోనూ ఆ షాటు నేను ఇవ్వలేదు. బంకతో అంటించిన ముసుగు విప్పాలంటే అరగంట పడుతుంది. “రబ్బరు మొహానికి నవ్వేంటయ్యా?” అన్నాను. యూనిట్ అంతా నవ్వింది. అతనొక్కడే నవ్వలేదు.

మూడో సినిమా, 2014 మే నెల, రేకుల షెడ్డు, ఆఖరి రోజు. పొద్దున్నే ముసుగు వేయకముందే వచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. “మీరు ఎట్లగూ ఇయ్యరు సార్. ఇగ గిప్పుడే నవ్వేస్త. జగదీశన్నా, జర తియ్” అన్నాడు. కెమెరామన్ జగదీశ్ తీశాడు. చావకముందే నవ్వితే చెల్లదురా మొద్దూ అని నేను తిట్టాను.

మధ్యాహ్నం షాటులో తూటా తిని పడిపోయాడు. ముసుగు విప్పనివ్వకుండా అలాగే శవపేటికలో పడుకోబెట్టాను. “ఊపిరి ఆడ్తలేదు సార్. జర ముసుగు తియ్యుండ్రి” అన్నాడు. వేలు కదిపాక తీద్దాం అన్నాను. వడ్రంగి జంగయ్య నా మొహం వంక చూసి మూత వేశాడు. రెండుసార్లు యాక్షన్ చెప్పాను. వేలు కదల్లేదు. నోటికొచ్చినట్టు తిట్టి, మూత ఎత్తి, అతని చేతి తొడుగు లాగాను. చెయ్యి పట్టు లేకుండా దాని వెంటే వచ్చి వాలిపోయింది. నాకు అప్పుడే తెలిసింది. తెలిసి, ఆ తొడుగు నేను వేసుకుని, పెట్టె వెనక పడుకుని, సందులోంచి నా వేలు కదిపాను. షాటు ఓకే అయింది. ఆ తరువాతే ముసుగు కోయించాను.

తాగి వచ్చాడని అందరికీ చెప్పాను. మేకప్ గదిలో సీసా పెట్టింది రాహుల్, పెట్టమన్నది నేను. దవాఖానలో శివమ్మ నన్ను పట్టుకుని అడిగింది. “తాగనని నా తల మీద చెయ్యి వెట్టి ఒట్టు వెట్టిండు సార్. ఒట్టు తప్పి సచ్చిండా?” అవునమ్మా అన్నాను. అప్పటినుంచి ఆమె ఇంటి గోడ మీద పెంటయ్య ఫోటో లేదు. ఆ ఏడాది చూడబోయిన జంగయ్య ఆ మాట చెప్పాడు. మొన్న మళ్లీ వెళ్లొచ్చాడు, ఇప్పటికీ లేదట.

అమ్మా శివమ్మా, ఆ రోజు నీ మొగుడు చుక్క ముట్టలేదు. ఒట్టు తప్పలేదు.

5. ఆ ఉదయం జగదీశ్ తీసిన నవ్వు, పదకొండు సెకన్లు, శివమ్మకు ఇస్తున్నాను. అందులోంచి ఒక ఫోటో అచ్చు వేయించి పటం కట్టించాను. పై పన్ను ఒకటి లేదు, అయినా ఎంత బాగా నవ్వాడో. నవ్వాక “అయిపాయెనా అన్నా?” అని అడుగుతాడు, అది కూడా వినిపిస్తుంది. కాటిదొర ముసుగును ఆమె తగలబెట్టుకోవచ్చు. రాహుల్ ఆమె గుమ్మానికి వచ్చి అడిగితే ఇవ్వనూవచ్చు, తరమనూవచ్చు. నన్ను తిట్టిపోసే హక్కు కూడా ఈ ఆస్తిలో భాగమే. క్షమించమని నేను అడగడం లేదు. సంపాదించని దాన్ని వీలునామాలో రాయకూడదు.

6. నా దినం రోజున, భోజనాలకు ముందు, శివమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి నరేందర్ గారు దీన్ని గట్టిగా చదవాలి. ఆకలి మీద వింటే జనం సరిగ్గా వింటారు. ఆ తరువాత లేచి నా కష్టాలు, నా చిన్నతనం ఎవరూ చెప్పకూడదు. రాక్షసుడికి ఫ్లాష్‌బ్యాక్ ఇవ్వకూడదు.

సంతకం పక్కన కుడి చూపుడువేలి ముద్ర కూడా వేస్తున్నాను. బొటనవేలు వేయడం రివాజని నాకు తెలుసు. హాళ్లలో ఈలలు పడింది ఈ వేలికి.

తేదీ: 19 నవంబర్ 2025
స్థలం: మామిడిపల్లి

(సంతకం) ముదునూరి నరసరాజు
(కుడి చూపుడువేలి ముద్ర)

సాక్షులు, అప్పుడూ ఇప్పుడూ:
1. జగదీశ్, ఆ రోజు కెమెరా ఆపనివాడు
2. జంగయ్య, మూత వేసినవాడు