సోఫా సవరణ

11 జూలై, శుక్రవారం. షెఫీల్డ్

అమెరికా రాష్ట్రాల్లో జనం ఓటేసి తమ రాజ్యాంగాన్ని తామే సవరించుకుంటారు. దీని మీద నేను పదిహేను వేల పదాల డిసర్టేషన్ రాయాలి. మూడు వందలు రాశాను. మిగతా జ్ఞానమంతా మా ఫ్లాట్ మీద ప్రయోగిస్తున్నాను. మాకూ ఒక రాజ్యాంగం ఉంది, ఫ్రిజ్ తలుపు మీద, పిజ్జా షాపు మ్యాగ్నెట్ కింద. రచయిత నేనే. ఓటర్లు నలుగురు: నేను, కౌశిక్, మధులిక, సాత్విక.

ఫయాజ్ ఓటరు కాడు. కేర్ హోమ్‌లో పని పోయింది, రూమ్ పోయింది, ఐదు వారాలుగా మా హాల్లో సోఫా మీద ఉంటున్నాడు. 29న ఇంకో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అప్పటిదాకా తల దాచుకోవాలి, లేదంటే కర్నూలుకి ఫ్లైటే.

12 జూలై

కౌశిక్‌కి హాల్లో చదువుకోవాలని ఉందట. సాత్వికకి ఫోన్ మాట్లాడుకోవాలని ఉందట. ఫయాజ్‌తో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి రాజ్యాంగ సవరణకి రెఫరెండం. ప్రశ్న రాసే పని నాది: హాలును అందరి చదువు కోసం తిరిగి తెరవాలా? ఎక్కడా ఫయాజ్ పేరు లేదు. ప్రశ్న రాసినవాడిదే గెలుపని నేను రాయబోయే మూడో చాప్టర్. మధులిక చదివి, నువ్వు లాయర్‌వి కావాల్సింది నాయనా అంది. పొగడ్త అనుకున్నాను.

13 జూలై, మధ్యాహ్నం

రహస్య బ్యాలెట్. అవునంటే కందిపప్పు, కాదంటే బియ్యపు గింజ. స్టీల్ డబ్బాలో వెయ్యాలి. ఓటు లేనివాడే ఎన్నికల అధికారి అని మా రాజ్యాంగం. అంటే ఫయాజే. తన సోఫా మీదే కూర్చుని డబ్బా పట్టుకున్నాడు. వరసలో రండి బాబూ, ఆధార్ చూపించండి అని మమ్మల్నే నవ్వించాడు.

నేను పప్పు వేశాను. మిగతా ముగ్గురూ బియ్యమే వేస్తారు కదా, ఎలాగూ ఓడిపోతుంది అని.

సాయంత్రం

ఫయాజ్ కిచెన్‌లోకెళ్ళి ఒక్కడే లెక్కపెట్టి వచ్చాడు. మూడు, ఒకటి, సవరణ నెగ్గింది అన్నాడు. డబ్బాకి టేపు వేసి ఫ్రిజ్ పైన పెట్టాడు. రీకౌంట్ కోసం ఓట్లు వారం దాచాలన్న రూల్ కూడా నాదే. తర్వాత అందరికీ టీ పెట్టాడు.

14 జూలై

స్విండన్‌లో ఎవరో తెలిసినవాళ్ళున్నారని పొద్దున్నే కోచ్ బస్సు ఎక్కాడు. బ్యాగ్ నేనే మోశాను. ఆ ఒక్క ఓటు నాదేరా అన్నాను. తెలుసు మామా అని భుజం మీద చెయ్యేశాడు.

17 జూలై

ఆ ఒక్క ఓటు కౌశిక్‌దట. సాత్వికదట. మధులికదట.

హాల్లో ఎవరూ చదవడం లేదు.

19 జూలై

ఫయాజ్ మెసేజ్. స్విండన్‌లో ఐదు రోజులే కుదిరిందట. ఇంటర్వ్యూ వదిలేశాడట. హీత్రో ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. డిసర్టేషన్ ఎంతవరకొచ్చింది మామా అని అడిగాడు.

20 జూలై

వారం అయింది. డబ్బా తెరిచాను. నాలుగూ కందిపప్పే.

ఒకటి తీసేసి, బియ్యపు గింజ వేసి, మళ్ళీ టేపు అంటించాను. లెక్క సరిపోయిందా అని కౌశిక్ అడిగాడు. మూడు, ఒకటి అన్నాను.