కిలోకి ముప్ఫై మూడు

చోడవరం,
9-2-98

ప్రియమైన రూపా,

మీ లేబరేటరీ వ్యాను తీసుకుని దాసు వచ్చాడు. నిండు సిలిండర్లు పది దింపి, ఖాళీవి ఎక్కించుకుంటున్నాడు. వాడు టీ తాగేలోగా ఈ ఉత్తరం ముగించి లాగ్‌బుక్ కాయితాలతో పాటు వాడి చేతికివ్వాలి. అందుకే ముందుగా చెప్పేస్తున్నాను, ఆ కాయితాలు చూసి కంగారు పడకు. ఈ వారం మైలేజీ కాస్త పడిపోయింది.

నాలుగు వారాలు వరసగా కిలో గ్యాసుకి ముప్ఫై మూడు కిలోమీటర్లు ఇచ్చిన ఈ పరీక్ష కారు ఈసారి ఇరవై ఆరే ఇచ్చింది. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళు రోడ్డంతా వరస కట్టాయి. కోటపాడు వైపు రెండో గేరు దాటితే ఒట్టు. హైడ్రోజన్ పోసినా పెట్రోలు పోసినా ఎడ్ల వెనకాల నడిచే బండి గతి అంతే. మీ లేబరేటరీలో ఎడ్లు ఉండవు కనక మీకు తెలియదు.

నిన్న మాడుగుల వెళితే హల్వా కొట్టాయన పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. పొగ లేదు, ఆవిరికి చెయ్యి తడిసింది. "ఇది బండేటి బాబూ, ఇడ్లీ గిన్నేటి" అన్నాడు. కొట్టు కొట్టంతా నవ్వింది.

నీకు ఏడో నెల వచ్చింది. హాస్టల్ మెట్లు మెల్లిగా దిగు. పరీక్ష అయ్యేదాకా బండిని విడిచి రాకూడదన్న షరతు లేకపోతే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేవాణ్ణి.

నీ
ధర్మతేజ


విశాఖపట్నం,
11-2-98

ప్రియమైన మీకు,

ఎడ్లూ ఇడ్లీలూ బాగానే ఉన్నాయి. లెక్క బాగాలేదు.

నెమ్మదిగా నడిపినంత మాత్రాన ఏడు కిలోమీటర్లు తగ్గదు. వారానికి మీకు పంపేది ఆరు కిలోల గ్యాసు. ముప్ఫై మూడు చొప్పున నూట తొంభై ఎనిమిది కిలోమీటర్లు రావాలి. మీరు రాసింది నూట యాభై ఎనిమిది. అంటే కిలో రెండువందల గ్రాములు ఇంజన్లోకి వెళ్ళకుండా ఎటో పోయింది. నాలుగు లీటర్ల పెట్రోలు చేసే పని అది చేస్తుంది. పెట్రోలు కారితే వాసన వస్తుంది, నేల తడుస్తుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. మన షెడ్డు రేకుల కింద చేరి కూర్చుంటుంది. అత్తయ్య పొయ్యి వెలిగించేది ఆ గోడ పక్కనే.

మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. భయం నాకే వేస్తోంది. మధ్యరకం కారు ఈ గ్యాసు మీద ఎంత దూరం పోతుందో తేల్చే పరీక్ష ఇది. కిలోకి ముప్ఫై దాటితే పని సాగుతుందనీ, దాటకపోతే ఆపేస్తాననీ మా లేబరేటరీ నడిపే లక్ష్మీనరసింహం మాస్టారు మొదటే చెప్పారు. ఆపితే ఆపనివ్వండి. మీకేమైనా అయితే ఈ బిడ్డకి నేనేం చెప్పుకోను? మా అమ్మ వైపు తలుపులు మన పెళ్ళినాడే మూసుకుపోయాయి. నాకున్నది మీరే.

గొట్టాల కీళ్ళన్నిటికీ సబ్బునీళ్ళు రాసి చూడండి. బండిని షెడ్డులో కాదు, ఆరుబయట పెట్టండి. రోజూ పొద్దునా సాయంత్రం గ్యాసు మీటరు ముల్లు ఎక్కడుందో రాయండి. ఎస్టీడీ బూత్‌లో పక్కన నలుగురు నిలబడి వింటుంటే ఇవన్నీ మాట్లాడలేను, జవాబు వెంటనే రాయండి.

మీ కోసం ఎదురుచూస్తూ,
రూప


చోడవరం,
23-2-98

ప్రియమైన రూపా,

నీ ఉత్తరమూ, దాని వెనకాలే వచ్చిన కోపపు కార్డూ రెండూ అందాయి. జవాబు ఆలస్యమైంది, తిట్టుకో.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. సబ్బునీళ్ళు రాశాను, ఒక్క బుడగ రాలేదు. బండి ఆరుబయటే ఉంటోంది. మా అమ్మ పొయ్యి పెరట్లోకి మారింది. "నీ బండి ఇంటికొచ్చేక నాను ఎండలో వంట సేసుకుంటన్నాను, నీ పెళ్ళానికి అది కూడా రాయి" అంది. రాశాను.

ముల్లు అంకెలు ఇందులో పెడుతున్నాను. రెండు మంగళవారాలు సాయంత్రం చూడ్డం మర్చిపోయాను, ఆ గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఈ రెండు వారాలూ కిలోకి ఇరవై ఆరే వచ్చింది. నాకు తెలుసు, నువ్వు ఊరుకోవు. ఒక్కటి అడుగుతాను. ఇంకో వారం ఆగు. బండిలో లోపం లేదు. ఇరవయ్యేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న చేతులతో రాస్తున్నాను. ఎలా తెలుసని మాత్రం అడగకు.

కళ్ళు తిరగడం తగ్గిందా? అది రాయకుండా ఉత్తరమంతా అంకెలే నింపావు.

నీ
తేజ


విశాఖపట్నం,
25-2-98

ప్రియమైన మీకు,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రాలేదు. అలవాటు కొద్దీ రాశాను.

మీ అంకెలు మూడుసార్లు వేసుకున్నాను. మిగతా రోజుల్లో సాయంత్రం ముల్లు ఎక్కడుందో పొద్దున్నా అక్కడే ఉంది. చలికి ఒక గీత తగ్గితే అది మామూలే. మంగళవారం పొద్దున్న అంకెకీ బుధవారం పొద్దున్న అంకెకీ మధ్య మాత్రం, మీరు రాసిన ప్రయాణాలు తీసేసినా, కిలో రెండువందల గ్రాములు తేడా. మొన్న పదో తారీఖునా అంతే, పదిహేడునా అంతే. లీకయ్యే గొట్టం వారం వర్జ్యం చూసుకోదు. ప్రతిసారీ ఒకే తూకం పోగొట్టదు.

కిలో రెండువందలంటే నలభై కిలోమీటర్లు. ఇరవై వెళ్ళి ఇరవై రావడం. అంటే బండి ఎక్కడికో వెళ్ళింది, కిలోమీటర్ల మీటరులో ఆ దూరం ఎక్కలేదు. మీటరు కేబుల్ ఊడదీయడం తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

లీకే నిజమైతే మీ ప్రాణానికి ముప్పు. అబద్ధమే నిజమైతే నా గతేమిటి? రెంటిలో ఏది కోరుకోవాలో తెలియక నిన్న అన్నం తినలేదు. కాయితం మీద మాత్రం కారణం తెలియని నష్టాన్ని లీకుగానే రాయాలి. రాసి సంతకం పెట్టాను. ఈ ఉత్తరం అందాక బండి కదపకండి. సోమవారం దాసు వచ్చి దాన్ని వైజాగ్ ఈడ్చుకొస్తాడు. ఎక్కడికి వెళ్ళారో చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పకపోతే నేను అడగను.

రూప


చోడవరం,
28-2-98

ప్రియమైన రూపా,

లీకు లేదు. అబద్ధమాడింది నేను.

నాలుగు మంగళవారాలు చీడికాడ వెళ్ళాను. మీ అమ్మ దగ్గరికి. ఇంకెప్పుడూ ఆవిడ గుమ్మం ముందు నిలబడి మాటలు పడనని నీ మీద ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు తప్పాను.

జనవరి చివర నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తే నర్సు అడిగింది గుర్తుందా, తొలి కాన్పు కదా, అమ్మ దగ్గరికి వెళ్తావా అని. నువ్వు వినబడనట్టు గోడ మీది టీకాల పట్టిక చదవడం మొదలుపెట్టావు. కింది వరస దాకా చదివావు. నేను పక్కనే నిలబడి చూశాను. నాకు ఆ తరవాత నిద్ర పట్టలేదు.

మంగళవారం ఆవిడ ఉపవాసం, పొలం వెళ్ళదు కదా. అందుకని ఆ రోజే వెళ్ళాను. తలుపు తియ్యలేదు. అరుగు మీద గంటసేపు కూర్చుని వచ్చేశాను. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. లాగ్‌బుక్కులో రాస్తే నీకు తెలుస్తుంది. ఆవిడ ఒప్పుకున్నాక చెబుదామనుకున్నాను. లేని ఆశ పెట్టి నిన్ను ఏడిపించడం నాకిష్టం లేకపోయింది. మొన్న ఇరవై నాలుగునా వెళ్ళాను. అప్పుడూ తియ్యలేదు.

సగటు నేనే వేసుకున్నాను. ఇరవై తొమ్మిదిన్నర. ఆ నూట అరవై కిలోమీటర్లూ కలిపితే ముప్ఫై మూడు. కానీ కేబుల్ ఊడదీసింది నేను. మీటరు ఎక్కని ప్రయాణానికి చూసిన మనిషి సంతకం కావాలని మాస్టారి నియమం. నన్ను చూసిన మనిషి ఒక్కతే.

ఇవాళ బస్సులో వెళ్ళాను. ఈసారి కూతుర్ని చూడమని బతిమాలలేదు. తలుపు బయటే నిలబడి, "అత్తా, నన్ను ఇంట్లోకి రానివ్వొద్దు. నాలుగుసార్లు వచ్చేనని వైజాగులో రూప పనిసేసే కాడికెళ్ళి ఒక్క మాట సెప్పు సాలు. లేకపోతే బండి లీకని ఆపేస్తన్నారు. రూప నన్ను అబద్ధాలోడని అనుకుంటంది" అన్నాను. లోపల చీపురు చప్పుడు ఆగింది. అంతే. మళ్ళీ బస్సెక్కాను.

సోమవారం బండి అప్పగిస్తాను. నన్ను నువ్వు ఏమన్నా అనొచ్చు.

నీ
తేజ


విశాఖపట్నం,
3-3-98, మంగళవారం

నా ప్రియమైన మీకు,

నిన్న పదకొండు గంటలకి మీ ఉత్తరం నా చేతిలో ఉంది. అది చదువుతుంటే అటెండరు వచ్చి, ఎవరో ముసలావిడ గేసు బండి లెక్కలు రాసే మేడమ్‌ని అడుగుతోందన్నాడు. చూస్తే మా అమ్మ అప్పలనరసమ్మ. మూడేళ్ళ తరవాత. చీడికాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నా మొహం చూడలేదు. తిన్నగా మాస్టారి బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

మాస్టారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. తారీఖులు వేళ్ళ మీద చెప్పింది. "నాలుగు మంగళారాలు వచ్చేడు. ఆ బండికి పొగ నేదు, సప్పుడు నేదు. కిటికీ సందులోంచి సూసేను. రాసుకోండి" అంది. నేను రాశాను. వేలిముద్ర వేయబోతూ ఆగింది. "నాలుగుసార్లూ నాను తలుపు తియ్యనేదని కూడా రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయాల."

మాస్టారు నా వైపు చూశారు. ఆ మాట రాయడానికి పట్టికలో గడి లేదు. చివర ఖాళీ ఉన్నచోట రాశాను. అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ రాశాను. దాని కింద అమ్మ వేలు పెట్టింది.

మధ్యాహ్నం దాసు బండిని తెచ్చాడు. లీకు చూసే యంత్రంతో గొట్టం గొట్టం వెతికారు, ఏమీ లేదు. నా సంతకం నేనే కొట్టేశాను. నివేదికలో ముప్ఫై మూడు వెళ్తోంది. పని ఆగదు. మీటరు ఊడదీసినందుకు మాస్టారు మిమ్మల్ని పిలిచి చివాట్లు పెడతారు, పడండి. ఒట్టు తప్పినందుకు నా చివాట్లు వేరే ఉన్నాయి. ఆదివారం రండి, అవీ పడుదురుగాని. మిమ్మల్ని అబద్ధాలవాడని అనుకున్నందుకు నేను కూడా మీ కాళ్ళ దగ్గర కూర్చోవాలి.

అమ్మ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. హాస్టల్లో నా మంచం మీద కూర్చుని, నా పాదాల వాపు చూసి నూనె అడిగింది. రాస్తూ ఉంటే అప్పుడు అడిగాను, నాలుగుసార్లు వస్తే ఒక్కసారైనా ఎందుకు తియ్యలేదని.

రెండో పాదం ఒళ్ళోకి తీసుకుంది. తల ఎత్తకుండా చెప్పింది.

"తీస్తే అయిదో మంగళారం రాడు గదే."

మీ
రూప