పనస పోయింది, మందారం తేవాలి

నాన్నా, మేమంతా క్షేమమే. ఫోనులో నీకు వినపడదని ఈ కార్డు. నా పెళ్లికి నువ్వు తెచ్చి నాటిన పనస చెట్టును మా అత్త నిన్న నరికించేసింది! రోజూ దాని నీడలోనే జీడిపిక్కలు కొట్టుకునే మనిషి, తుఫాను కబురు వినగానే రంపం తెప్పించింది. ఎందుకని అడిగితే, "తిత్లీ తుఫానుకి మీ మావ మీద పడ్డాది నీడిచ్చే సెట్టే గదేటి! మందారం ఏసుకో. ఇరిగినా మనిసిని సంపదు," అంది. తీరా తుఫాను ఒడిశా వైపు పోయింది. ఇక్కడ ఒక్క ఆకూ రాలలేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వచ్చేటప్పుడు నువ్వు తెస్తానన్న మామిడి అంటు వద్దు, మందారం కొమ్మలు తే. ఇద్దరికీ దండాలు. అత్త ఈరోజూ ఆ మొదలు పక్కనే, ఎండలో కూర్చుని పిక్కలు కొడుతోంది.

నీ కూతురు
నాగసుధ