షిఫ్టు మార్చుకోని తమ్ముడు

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. "ఆ రోజు షిఫ్టు మార్చుకోకపోతే మిషన్లో నా రెండు వేళ్ళు పోయేవి కావు. ఇంకో లోకంలో మార్చుకోని నేను హాయిగా ఉన్నాను కదక్కా? మనం వదిలేసిన దారిలో నడిచే ఇంకో మనం వేరే లోకంలో ఉంటామని ఓ వీడియోలో చెప్పారు" అని రాశావు.

అవునని రాసేద్దామనే కూర్చున్నాను. మనసొప్పలేదు. ప్రయోగశాలలో నా పని అద్దాలు తుడవడమే అయినా, ధైర్యం చేసి, నీ సంగతంతా చెప్పి మా ప్రొఫెసరమ్మగారిని అడిగాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఆ లోకాలున్నాయని ఎవరూ రుజువు చేయలేదమ్మా. పరమాణువుల లెక్కలకు కొందరు చెప్పే అర్థం అది. మనం ఏదో ఒకటి తేల్చుకున్నప్పుడల్లా లోకం రెండుగా చీలుతుందని వాళ్ళూ అనరు. ఒకవేళ ఉన్నా, అక్కడికి దారి లేదు, కబురూ రాదు."

"మరి మా వాడికేం చెప్పమంటారు?"

"చేతులు లోపలికి పోకుండా మిషనుకు యజమాని అడ్డురేకు బిగించకపోవడం తప్పుగానీ, షిఫ్టు మార్చుకోవడం తప్పెలా అవుతుందని అడగండి."

నిజమే కదరా. పక్క మిషనతని భార్యకు పురిటి నొప్పులొస్తున్నాయనేగా నువ్వు అతని షిఫ్టుకు వెళ్ళావు!

నిన్న మరదలు ఫోన్ చేసింది. ఆ పక్క మిషనతను అప్పుడు పుట్టిన పాపను మీ ఇంటికి తీసుకొచ్చాడట. ఆ పిల్ల పాకుతూ వచ్చి, నీ కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళూ పట్టుకుని మొదటిసారి లేచి నిలబడిందట. ఎవరొచ్చినా ఆ చెయ్యి జేబులో దాచుకునేవాడివి, అది పట్టు వదిలేదాకా కదపలేదట.

ఆదివారం వస్తున్నాను. నాకూ ఆ పిల్లను చూడాలనుంది.

మీ అక్క