పద్దెనిమిది డిగ్రీల సంసారం

గార్చింగ్,
3 నవంబరు 2024

చిరంజీవి మనోజ్ఞకు,

మీ వదిన కమల ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మ్యూనిక్ పక్కన మేం ముగ్గురం క్షేమం, కాస్త చలిగా. అక్కడ ఆకెన్‌లో నువ్వూ, మా తమ్ముడు విక్రాంత్ క్షేమమనీ, వెచ్చగా ఉన్నారనీ తలుస్తాను. ఆ వెచ్చదనం గురించే ఈ ఉత్తరం.

ఫోనుండగా ఉత్తరమేమిటని కంగారు పడకు. ప్రతి ఆదివారం మనం వీడియోలో రెండేసి గంటలు మాట్లాడుకుంటుంటే ఎక్కడో సర్వర్లు వేడెక్కిపోతున్నాయట. మనం మాట్లాడుకునేది మీ పక్కింటావిడ కర్టెన్ల గురించి. దానికోసం భూగోళం వేడెక్కాలా? మా పోస్టావిడ సైకిల్ మీద వస్తుంది. ఆవిడ పొద్దున తిన్న రొట్టె తప్ప ఈ ఉత్తరానికి వేరే ఇంధనం అక్కర్లేదు అనుకుంటున్నాను.

గత నెల మా ఆయన ఒక సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకొచ్చి నన్ను సోఫాలో కూర్చోబెట్టారు.

"కమలా, మనం ఒక్కొక్కరం ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ గాల్లోకి వదులుతున్నామో తెలుసా?"

"నేనేం వదల్లేదండీ" అన్నాను.

పదకొండు టన్నులట! నా ఒక్కదానివే. నేను ఉద్యోగం కూడా చెయ్యను కదా, ఇంట్లో కూర్చునే అంత పని చేశానంటే నాకే గర్వంగా, భయంగా అనిపించింది. ఆ రోజు నుంచి ఇంటి రూపే మార్చేశాం. కారు అమ్మేశాం. ఇల్లు వెచ్చబెట్టే హైత్సుంగ్‌ని ఇరవై మూడు డిగ్రీల నుంచి పద్దెనిమిదికి దించాం. బట్టలు చన్నీళ్లలో ఉతికి, కింద నేలమాళిగలో, అదే కెల్లర్‌లో, తాడు కట్టి ఆరేస్తున్నాను. డ్రయ్యర్ మీద ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట ఉంది.

అసలు సంగతేమిటంటే, క్రిస్మస్‌కి మనందరం కలిసి కానరీ దీవులకు వెళ్దామనుకున్నాం కదా, మేం మానుకున్నాం. ఒక్క విమానం ఎక్కితే ఇంతకాలం మేం వణికిన వణుకంతా దండగట. మీరూ మానుకోండి. మీరు ఎగిరితే మా వణుకు కూడా దండగే.

ఇట్లు,
నీ వదిన,
కమల

తా.క. కాగితం వృథా చెయ్యకూడదని మా ఈషా లెక్కల పరీక్ష పేపరు వెనక రాశాను. వెనక్కి తిప్పి మార్కులు చూడొద్దు. చూసినా వాళ్ల మామయ్యకి చెప్పొద్దు.

—

ఆకెన్,
9 నవంబరు 2024

ప్రియమైన వదినకు,

మనోజ్ఞ నమస్కారాలు. మీ ఉత్తరం చేతికి అందింది. పోస్టు డబ్బాలో చేతిరాత కవరు చూసి, ఏ ఆఫీసువాళ్లు పిలిచారో అని మీ తమ్ముడు ముందు మా వీసా కాగితాలు వెతికారు. మీ దగ్గర్నుంచని తెలిశాక ఇంకా భయపడ్డారు.

ఇద్దరం రెండేసిసార్లు చదివాం. మీ తమ్ముడైతే, "మా అక్క భూగోళాన్ని కాపాడ్డమా? పెళ్లికి ముందు బాత్రూంలో లైటు ఆర్పిందే లేదు" అన్నారు. నేను ఆయన్ని కోప్పడ్డాను.

వదినా, నేను మీకు పరాయిదాన్ని కాను. కారు అమ్మేయడం, ఇంట్లో చలి, సెలవులు మానుకోవడం, చివరికి పిల్ల పరీక్ష పేపరు వెనక ఉత్తరం. పైకి భూగోళం అని రాశారు గానీ, మీ మనసు నాకు తెలుసు. మీరు ఆత్మాభిమానం గల మనిషి. అన్నయ్య ఆఫీసులో అంతా బాగానే ఉంది కదా? ఊరికే అడుగుతున్నాను. మీరేం చెప్పక్కర్లేదు. ఇక్కడ విక్రాంత్ వాళ్ల కంపెనీలో కూడా ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి, అందులో సిగ్గుపడేదేం లేదని అందరం అనుకుంటున్నాం.

ఒక పార్సిల్ పంపుతున్నాను. కందిపప్పు, రెండు రకాల పచ్చళ్లు, బియ్యం, మీ తమ్ముడి జాకెట్లు రెండు. అవి అన్నయ్యకి సరిపోతాయి. దయచేసి తిప్పి పంపకండి.

ఇట్లు,
మీ మరదలు,
మనోజ్ఞ

తా.క. అడుగున చిన్న కరెంటు హీటర్ కూడా పెట్టాను. భూగోళానికి తెలియకుండా వాడుకోండి.

—

గార్చింగ్,
15 నవంబరు 2024

మనోజ్ఞకు,

ఆశీస్సులు. ఈసారి కొంచెం కోపంతో కలిపి.

నేను కార్బన్ తగ్గించుకుంటున్నానని ఉత్తరం రాస్తే నాకు హీటర్ పంపుతావా? మద్యం మానేసినవాడికి సీసా బహుమతి ఇచ్చినట్టుంది. దాన్ని కెల్లర్‌లో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ అన్నయ్యకే ఇచ్చాను. ఆయన దాన్ని చాలా ప్రేమగా జేబులో వేసుకున్నారు.

ఆఫీసులో ఆయనకేం? మహారాజులా ఉన్నారు. పొద్దున ఎనిమిదింటికల్లా టిఫిన్ డబ్బా కట్టించుకుని సైకిల్ మీద వెళ్తారు, ఐదింటికి తిరిగొస్తారు. కార్బన్ తగ్గించడంలో ఆయన ఉత్సాహం చూస్తే నాకే ముచ్చటేస్తోంది. "బయట కాఫీ ఎందుకు కమలా, ఆ కప్పు పారెయ్యాలి" అంటారు. "కొత్త చెప్పులెందుకు కమలా, పాతవి కుట్టించుకోవచ్చు" అంటారు. పెళ్లై పదిహేడేళ్లలో ఈ మనిషి ఇన్నిసార్లు నా పేరు పలకలేదు.

నేనూ తక్కువ తినలేదు. పప్పు ముందురోజే నానబెడుతున్నాను, గిన్నెల మీద మూతలు పెడుతున్నాను, అన్నం సగం ఉడికాక పొయ్యి ఆపేసి దుప్పటి చుట్టి ఉంచుతున్నాను. కింద ఇంటావిడ ఫ్రౌ హుబర్ మొన్న వచ్చి సోఫాలో దుప్పటి చుట్టిన కుక్కర్ని చూసి "పాపకి పేరు పెట్టారా?" అని అడిగింది. మా వీధి చివర కొట్టువాళ్లు మూసే ముందు మిగిలిన కూరలు పంచిపెడతారు. నిన్న ఆరు కిలోల సొరకాయ లాంటిది తెచ్చాను. దాన్నిక్కడ జుకీని అంటారు కదా, పచ్చడి చేశాను, పులుసు పెట్టాను, హల్వా కూడా చేశాను. వీధిలో ఎవరో 'తీసుకెళ్లండి' అని రాసి పెట్టిన అట్టపెట్టెలో మంచి ఊలు టోపీ దొరికింది. ఈషా నన్ను ఆ టోపీలో చూసి "అమ్మా, పైన్‌లిష్!" అంటూ రోడ్డు దాటి అవతలి వైపు నడిచింది. పైన్‌లిష్ అంటే పరువు తీస్తున్నావని.

అది సరే. నువ్వు పంపిన జాకెట్లు దాదాపు కొత్తవి. మా తమ్ముడి బట్టలు ఇల్లు దాటించేస్తున్నావేంటి? ఒకదాని జేబులో సౌనా ఆవిరిస్నానం టికెట్ ఉంది. ఒక్కరికే. పెళ్లైన మగవాడు ఒక్కడే సౌనాకి ఎందుకు వెళ్తాడు? మీ మధ్య ఏదైనా జరిగితే నాతో చెప్పు. నేను వాడి అక్కనే కానీ న్యాయం నీవైపే మాట్లాడతాను. పైగా అక్కడ తొంభై డిగ్రీలట. నేనిక్కడ పద్దెనిమిదిలో ఉంటే తోడబుట్టినవాడు తొంభైలో ఉంటాడా?

ఇట్లు,
కమల

తా.క. పచ్చళ్లు అద్భుతం. నువ్వు తప్ప నీ పార్సిల్‌లో అన్నీ తెలివైనవే.

—

ఆకెన్,
20 నవంబరు 2024

గౌరవనీయులైన వదినకు,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ఏడ్చాను.

ముందుగా, మేం విడిపోవడం లేదు. మీ తమ్ముడికి పొట్ట వచ్చి ఆ జాకెట్లు పట్టడం లేదు, అంతే. సౌనాకి ఒంటరిగా పంపింది నేనే. వారానికి రెండు గంటలైనా నాకు ఇంట్లో ప్రశాంతత కావాలి కదా.

ఇక మీ సంగతి. కొట్టు మూసే వేళకి వెళ్లి మిగిలిన కూరలు తెచ్చుకోవడం, వీధిలో పెట్టిన టోపీ పెట్టుకోవడం, బిడ్డ అవతలి వైపు నడవడం... వదినా, ఇక దాచకండి. సాయం అడగడం మీకు రాదని నాకు తెలుసు, అందుకే మీ బదులు నేనే అడిగాను. మ్యూనిక్ తెలుగు సంఘం చలపతిగారికి ఫోన్ చేశాను. మీ పేరు చెప్పకుండా, 'గార్చింగ్‌లో ఒక గౌరవమైన కుటుంబం, భర్త పేరు వెంకటరామారావు' అని మాత్రమే చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం వాళ్లు మీ ఇంటికి వస్తారు. కాదనకండి.

దీంతోపాటు అన్నయ్యకి వేరే కాగితం పెడుతున్నాను. ఆయనకే ఇవ్వండి.

ఇట్లు,
ఎప్పటికీ మీ మనిషి,
మనోజ్ఞ

తా.క. ఒకవేళ నేను పొరపాటు పడి ఉంటే ఈ ఉత్తరం చించి పారెయ్యండి. వద్దు, పారెయ్యకండి, కాగితాలు వేసే నీలం డబ్బాలో వెయ్యండి. నేనూ నేర్చుకుంటున్నాను.

(లోపల మడిచిన కాగితం)

అన్నయ్యా, నమస్తే. నాకు అంతా తెలుసు. ఉద్యోగం పోవడం నేరం కాదు. మీరు వదిన దగ్గర తల దించుకోకండి. ఆవిడ మీకోసం ఎంత చలినైనా భరిస్తోంది. మేమున్నాం. – చెల్లెలు మనోజ్ఞ

—

గార్చింగ్,
28 నవంబరు 2024

మా మనోజ్ఞకు,

వదిన ఆశీస్సులు. ఈసారి కోపం లేదు. ఏముందో నాకూ సరిగా తెలియదు, రాస్తూ పోతే తెలుస్తుందేమో.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. చదివి నేను నవ్విన నవ్వుకి ఫ్రౌ హుబర్ చీపురుకర్రతో సీలింగ్ కొట్టింది. మీ అన్నయ్య సైకిల్ చెయిన్‌కి నూనె రాస్తున్నారు. "ఏమండీ, మా మరదలి తెలివి చూడండి, మీ ఉద్యోగం పోయిందని తెలుగు సంఘానికి చెప్పేసింది!" అని నీ కాగితం ఇచ్చాను. చదివారు. మళ్లీ చదివారు. నాకైతే ఇంకా నవ్వు ఆగడం లేదు. ఆయన నూనె చేతులు తుడుచుకోకుండానే వచ్చి సోఫాలో కుక్కర్ పక్కన కూర్చున్నారు.

"మనోజ్ఞకి ఎలా తెలిసింది?" అన్నారు.

"ఏం తెలిసింది?"

"సెప్టెంబరుతోనే అయిపోయింది కమలా. మా టీం మొత్తాన్ని తీసేశారు."

నేను నవ్వుతూనే ఉన్నాను. నవ్వు మొహం మీద ఉండిపోయింది, లోపల ఏమీ లేదు. రెండు నెలలు, మనోజ్ఞా! రెండు నెలలు నేను పొద్దున్నే లేచి ఆయనకి టిఫిన్ డబ్బా కట్టాను.

"మరి పగలంతా ఎక్కడుంటున్నారు?"

"లైబ్రరీలో. అప్లికేషన్లు పంపుకుంటూ."

"ఆ కార్బను, ఆ పదకొండు టన్నులు?"

"అక్కడే ఒక పుస్తకంలో చూశాను. నిజమే అది, అబద్ధం కాదు. కానీ నీకు ఖర్చులు తగ్గించమని చెబితే ఎందుకని అడుగుతావు. భూమి కోసం అంటే అడగవనిపించింది."

నిజంగానే నేను అడగలేదు. అది తల్చుకుంటేనే ఒళ్లు మండింది. ఉద్యోగం పోయినందుకు కాదు, నాతో చెప్పనందుకు. చెబితే నేనేం చేసేదాన్నట? పద్దెనిమిది కాదు, పదహారులో కూడా ఉండేదాన్ని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోబోయి దానికి నూనె అంటించుకున్నారు. అది చూసి నాకు జాలేసింది. పక్కన కూర్చున్నాను. అంతలో ఒక అనుమానం వచ్చింది.

"ఏమండీ, లైబ్రరీలో హైత్సుంగ్ ఎంత ఉంటుంది?"

"ఇరవై రెండు" అన్నారు నెమ్మదిగా.

వెంటనే ఆయన పక్కనుంచి లేచిపోయాను. నేనూ, నా బిడ్డా రెండేసి స్వెట్టర్లలో పళ్లు కొట్టుకుంటుంటే ఆయన కిటికీ పక్కన ఇరవై రెండులో కూర్చుని నా పులిహోర తిన్నారు!

మర్నాడు చలపతిగారు నలుగురితో దిగారు. రెండు బియ్యం బస్తాలు, నూనె డబ్బా, ఒక శాలువా. "మొహమాటపడకండమ్మా, అందరికీ వచ్చే కష్టమే" అంటూ లోపలికొచ్చి, కోటు తీశారు, వెంటనే మళ్లీ వేసుకున్నారు. ఈషా ముందే చూసి గదిలోకెళ్లి తలుపేసుకుంది. మీ అన్నయ్య లేచి నిలబడి, "నిజమేనండీ, ఉద్యోగం పోయింది" అని అందరి ముందూ చెప్పారు. ఆ మాట ఆయన నోట గట్టిగా రావడం అదే మొదటిసారి. చెప్పాక ఆయన భుజాల మీది బరువు దిగడం నేను చూశాను. నేను అందరికీ జుకీని హల్వా పెట్టాను. ఇద్దరు తిన్నారు. బస్తాలు మాత్రం అవసరమున్న చదువుకునే పిల్లలకిమ్మని తిప్పి పంపేశాను.

వాళ్లు వెళ్లాక మీ అన్నయ్య మెల్లగా హైత్సుంగ్ దగ్గరికెళ్లారు. "ఇక నటించక్కర్లేదు కదా, ఇరవై ఒకటి చేద్దామా?"

"ముట్టుకుంటే ఊరుకోను" అన్నాను. "నటించింది మీరు. నేను కాదు."

ఇప్పుడు అసలు కబురు. ఈ నెల మొదట్లో ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పి ఆయన ఒకరోజు రైల్లో వెళ్లొచ్చారు. అది ఇంటర్వ్యూ. సిటీ బస్సులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. "జనం కార్లు వదిలి బస్సెక్కాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారట. "మా ఇంట్లో ఒక్క మనిషికి చెప్పాను. మిగతాది ఆవిడే చూసుకుంది. ఇప్పుడు ఆపడమే నా వల్ల కావడం లేదు" అని నా కథంతా చెప్పారట. నిన్న ఉద్యోగం ఇస్తున్నామని మెయిల్ వచ్చింది. జనవరిలో చేరాలి.

కంపెనీ ఎక్కడనుకున్నావు? ఆకెన్. మీ వీధి నుంచి రెండు బస్‌స్టాపులు.

ఇల్లు దొరికేవరకూ మేం ముగ్గురం మీ దగ్గరే ఉంటాం. నువ్వే రాశావు కదా, 'మేమున్నాం' అని. ఐదుగురం ఒకే కప్పు కింద ఉంటే మనిషి తలకి పడే కార్బన్ ఎంత తగ్గుతుందో లెక్క వేసి పెట్టాను, వచ్చాక చూపిస్తాను. డిసెంబరు ముప్పైన రైలు దిగుతాం.

ఇట్లు,
మీ ఇంటికి రాబోతున్న వదిన,
కమల

తా.క. మీ ఇంట్లో పెద్ద బాత్‌టబ్ ఉందని విక్రాంత్ ఎప్పుడో చెప్పాడు. ముప్పైలోపు తనివితీరా ఒకసారి స్నానం చేసెయ్యి తల్లీ.